బస్సు అంటే అందరిది: హైదరాబాదులో నేను నేర్చుకున్న పాఠం



ఈ నెల గోడపత్రికలో పాఠం రాసే వంతు నాది. మన తొమ్మిదో తరగతి పిల్లలం విజ్ఞాన యాత్రకు హైదరాబాదు పోయి వచ్చినాము కదా. చార్మినారు గురించి, జూ గురించి వేరేవాళ్ళు రాస్తామన్నారు. నేను బస్సుల చరిత్ర రాస్తానన్నాను. "బస్సు గురించి రాసేదానికి ఏముంది? రోజూ చూసేదే కదా" అని అందరూ నవ్వినారు. చదివినాక చెప్పండి. కొంచెం పొడుగైంది, మూడు చార్టులు పట్టింది. అక్షరాలు వంకర పోయిన చోట మన్నించండి.

1. ముందు మాయమ్మ కథ

మాయమ్మకు చదువు రాదు. మా నాయనకూ రాదు. మా ఇంట్లో బడికి పోయి అక్షరాలు నేర్చుకున్న మొదటి మనుషులం మా అక్క, నేను.

నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు మా తమ్మునికి జ్వరం ఎక్కువైంది. నాయన బెంగుళూరులో కూలి పనికి పోయినాడు. అమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుని తాండా నుంచి మూడు కిలోమీటర్లు నడిచి రోడ్డెక్కింది. అక్కడ రెండు బస్సులు నిలబడి ఉన్నాయి. రెండూ ఒకే రంగు. బోర్డు చదవలేక ఎవరినో అడిగింది. ఆయన ఏదో తొందరలో చెయ్యి అట్లా ఊపి పోయినాడు. అమ్మ ఎక్కేసింది. లోపల నిలబడే జాగా లేదు. కండక్టరు టికెట్టు అడుగుతా అమ్మ దగ్గరికి వచ్చేసరికి బస్సు చానా దూరం పోయింది. అది ఆసుపత్రి ఉన్న ఊరికి పోయే బస్సు కాదు. దిగిన చోట ఆ రాత్రికి మళ్ళా బస్సు లేదు. ఒక అంగడి అరుగు మీద తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది. తెల్లారినాక వేరే బస్సు పట్టుకుని ఆసుపత్రికి పోయింది. తమ్ముడు బతికినాడు. ఇప్పుడు ఆరో తరగతి.

ఇంటికి వచ్చినాక అమ్మ నన్ను చూసి, "ఆ బోర్డు మీద ఉండేది నాలుగు అక్షరాలే. ఆ నాలుగు అక్షరాలు నాకు రాకపోయె" అనింది. ఆ ఏడే నన్ను హాస్టల్లో చేర్చింది. అందుకే నాకు బస్సు అంటే ఉత్త బండి కాదు.

2. ప్రయాణం

మేము అనంతపురంలో రాత్రి బస్సు ఎక్కినాము. గుత్తి, డోన్, కర్నూలు దాటి తెల్లవారుజామున హైదరాబాదు చేరినాము. దూరం సుమారు 360 కిలోమీటర్లు. దిగింది మహాత్మాగాంధీ బస్ స్టేషనులో. దాన్ని ఇమ్లీబన్ అని కూడా అంటారు. మూసీ నది పక్కన ఉంది. 1994లో తెరిచినారు. ఎన్ని ప్లాట్‌ఫారాలో, ఎంత మంది జనమో! మన ఊరి జాతర రోజూ జరిగినట్టు ఉంది.

అక్కడి నుంచి సిటీ బస్సులో ఆర్టీసీ క్రాస్ రోడ్డుకు పోయినాము. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆ రాష్ట్రం ఆడవాళ్ళకు సిటీ బస్సుల్లో టికెట్టు లేదు. మేము ఆంధ్రా వాళ్ళం కాబట్టి సార్ మా అందరికీ టికెట్లు కొన్నారు.

బస్సు కోసం నిలబడినప్పుడు ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, గా బస్సు యాడికి పోతది, జెర సూడు" అనింది. నేను బోర్డు చదివి చెప్పినాను. "గదే నాది" అని ఎక్కి, కిటికీలో నుంచి చెయ్యి ఊపింది. తర్వాత ఇంకో ఆమె అడిగింది. ఆ తర్వాత ఒక తాత అడిగినాడు. కొత్త ఊర్లో దారి తెలియనిదాన్ని నేను. అయినా ముగ్గురికి దారి చెప్పినాను. నాకు మాయమ్మ గుర్తుకు వచ్చింది.

3. పాత బస్సు

ఆర్టీసీ క్రాస్ రోడ్డు దగ్గర బస్ భవన్ ఉంది. అది ఆర్టీసీ పెద్ద ఆఫీసు. మా సోషల్ సార్ ముందుగానే అనుమతి అడిగి పెట్టినారు. మేము చూడడానికి పోయింది అక్కడ దాచిపెట్టిన ఒక పాత బస్సును. దాని పేరు దక్కన్ క్వీన్, అంటే దక్కను రాణి. ఆల్బియన్ అనే కంపెనీ చేసింది. ఆ కంపెనీది బ్రిటన్‌లోని స్కాట్లాండు దేశం. బస్సు 1932 నాటిది. సీట్లు 19 మాత్రమే. ఇప్పటి మన పల్లెవెలుగు బస్సులో కూర్చునేవాళ్ళే యాభై మంది దాకా ఉంటారు, నిలబడేవాళ్ళు వేరే. ఈ రాణిగారు చాలా చిన్నది. ఇంజను ముక్కులాగా ముందుకు పొడుచుకుని ఉంటుంది. బొమ్మ నేనే గీసినాను, పక్క చార్టులో చూడండి. చక్రాలు కొంచెం పెద్దవైనాయి.

మ్యూజియం అంటే గాజు పెట్టెలు, కత్తులు, రాజుల బట్టలు అనుకునేదాన్ని. మామూలు జనం ఎక్కిన బస్సు కూడా చరిత్రేనని అక్కడ తెలిసింది.

4. బస్సు అనే మాట ఎక్కడిది?

ఇక్కడ సార్ ఒక ప్రశ్న అడిగినారు. "బస్సు అంటే అర్థమేమి?" మేమందరం "బండి" అన్నాము. కాదంట.

లాటిన్ భాషలో ఓమ్నిబస్ అంటే "అందరికోసం" అని అర్థం. 1826లో ఫ్రాన్సు దేశంలో నాంత్ అనే ఊర్లో బోద్రీ అనే ఆయన జనాన్ని ఎక్కించుకునే గుర్రపు బండ్లు నడిపినాడు. డబ్బు కట్టిన ఎవరైనా ఎక్కొచ్చు, దారిలో ఎక్కడైనా దిగొచ్చు. ఆ బండ్లకు ఓమ్నిబస్ అని పేరు వచ్చింది. 1829లో లండనులో షిల్లిబీర్ అనే ఆయన అట్లాంటి బండి పెట్టినాడు. జనం నోట్లో పేరు అరిగి అరిగి చివరికి "బస్" మిగిలింది. అంటే మనం బస్సు అన్నప్పుడల్లా "అందరికీ" అనే మాటకు తోక పట్టుకుని పిలుస్తున్నాము.

కానీ అందరికీ అనేది అంత సులభంగా రాలేదు. దానికి 160 ఏండ్ల ముందే, 1662లో పారిస్ నగరంలో ఒక పద్ధతి పెట్టినారు. ఒకే దారిలో, టైము ప్రకారం తిరిగే గుర్రపు బండ్లు. మనిషికి ఐదు సోల్ల చార్జీ. సోల్ అనేది వాళ్ళ చిన్న నాణెం. ఈ ఆలోచన చేసింది ఎవరో తెలుసా? బ్లేజ్ పాస్కల్. సైన్సులో పీడనం కొలిచే ప్రమాణం పాస్కల్ అని చదివినాము కదా, ఆయనే. ఆలోచన మంచిదే. అయితే సిపాయిలు, పనివాళ్ళు, కూలోళ్ళు ఎక్కకూడదని అక్కడి పెద్ద కోర్టు నియమం పెట్టింది. కొన్నేండ్లకే ఆ బండ్లు ఆగిపోయినాయి.

ఇది విన్నాక నాకు ఒక అలవాటు వచ్చింది. ఏ బండి గురించి విన్నా, "దీంట్లో ఎవరిని ఎక్కనిచ్చినారు, ఎవరిని ఎక్కనియ్యలేదు?" అని అడుగుతున్నాను. మీరు కూడా అడిగి చూడండి.

5. మన దగ్గరికి బస్సు ఎట్లా వచ్చింది?

మద్రాసు నగరంలో 1895లో కరెంటు ట్రాములు వచ్చినాయి. ట్రాము అంటే రోడ్డు మీదనే పట్టాలు వేసి నడిపే బండి. అప్పుడు మన అనంతపురం కూడా మద్రాసు రాజధానిలోనే ఉండేది. ఆ ట్రాములు 1953లో ఆగిపోయినాయి. బొంబాయిలో 1926లో సిటీ బస్సు మొదలైంది.

హైదరాబాదు అప్పుడు నిజాం రాజ్యం. అక్కడ 1932లో నిజాం రైల్వే వాళ్ళే రోడ్డు రవాణా శాఖ పెట్టినారు. మొదట 27 బస్సులు, 166 మంది పనివాళ్ళు. రైలు వాళ్ళు బస్సులు ఎందుకు నడిపినారు? దానికి కారణముంది. ప్రైవేటు బస్సులు పెరిగితే రైలుకు వచ్చే జనం తగ్గిపోతారు. రైలూ బస్సూ ఒకరి చేతిలోనే ఉంటే ఒకదానికొకటి పోటీ ఉండదు. రైలు పోని ఊరికి బస్సు పోతుంది. అట్లా రాజ్యమే జనానికి బస్సులు నడపడం అక్కడ మొదలైంది.

ఆ బస్సులు గౌలిగూడలో పెద్ద రేకుల షెడ్డులో ఉండేవి. ఆ షెడ్డును మొదట విమానాలు నిలపడానికి కట్టినారంట. తర్వాత బస్ స్టేషను అయింది. ఎనభై ఏండ్లకు పైగా నిలబడి, 2018 జూలైలో కూలిపోయింది. పాత వస్తువును ఎవరో ఒకరు కాపాడితేనే మిగులుతుంది. బస్సు మిగిలింది, దాని ఇల్లు కూలింది.

తర్వాత జరిగినవి వరుసగా రాస్తున్నాను. నోటుబుక్కులో ఎత్తి రాసుకోండి.

1951: రోడ్డు రవాణా శాఖ హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది.
1958 జనవరి 11: ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ, అంటే ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది.
1999: ప్రపంచంలో ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అప్పటికి 18 వేలకు పైగా బస్సులు.
2003: హైదరాబాదులో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళు వచ్చినాయి.
2015: రాష్ట్రం రెండు అయినాక తెలంగాణ ఆర్టీసీ వేరే అయింది.
2017 నవంబరు: హైదరాబాదు మెట్రో రైలు.
2023: కరెంటుతో నడిచే డబుల్ డెక్కరు బస్సులు. పాత డబుల్ డెక్కర్లు ఆగిపోయి అప్పటికి చానా ఏండ్లైంది.

ఒక తమాషా. ఆర్టీసీ బస్సుల నంబరులో జడ్ అనే అక్షరం చూసే ఉంటారు. మన అనంతపురం పాత బస్సుల మీద "ఏపీ 02 జడ్" అని ఉంటుంది. నిజాం తన తల్లి జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరం బస్సుల మీద ఉండాలని కోరినాడని చెబుతారు. అంటే బస్సు మీద ఒక అమ్మ పేరు తిరుగుతా ఉంది. మాయమ్మకు ఇది చెప్తే, "అట్లయితే అమ్మలకన్నా ఆ బోర్డు చదివేది రావాల" అని నవ్వింది.

ఒక చిన్న లెక్క కూడా చెయ్యండి. 50 మంది ఒక బస్సులో పోతారు. అదే 50 మంది ముగ్గురు ఎక్కే ఆటోల్లో పోతే ఎన్ని ఆటోలు కావాల? 17. పదిహేడు ఇంజన్లు, పదిహేడు డ్రైవర్లు, పదిహేడు పొగలు. బస్సు చార్జీ ఎందుకు తక్కువో దీంతో తెలుస్తుంది. ఖర్చు అందరి మధ్య పంచుకుంటారు. బువ్వ ఒకే కుండలో వండితే కట్టెలు తక్కువ పట్టినట్టు.

6. సీట్లోంచి లెయ్యని ఒక అమ్మ

అందరిది అనే పేరు ఉన్న బస్సులోనే కొందరిని వెనక్కు పొమ్మన్న కథ సార్ తిరుగు ప్రయాణంలో చెప్పినారు. అమెరికాలో మాంట్‌గోమరీ అనే ఊరు. అక్కడ నల్లవాళ్ళు బస్సులో వెనక కూర్చోవాల. తెల్లవాళ్ళకు సీటు చాలకపోతే లేచి ఇవ్వాల. 1955 డిసెంబరు 1న రోసా పార్క్స్ అనే ఆమె లెయ్యనన్నది. ఆమె బట్టలు కుట్టే పని చేసేది. పోలీసులు పట్టుకుపోయినారు. దాంతో ఆ ఊరి నల్లవాళ్ళు బస్సు ఎక్కడమే మానేసినారు. నడిచినారు. ఒకరి కారులో ఒకరు పోయినారు. 381 రోజులు! ఆ పోరాటంలో ముందు నిలబడినాయన మార్టిన్ లూథర్ కింగ్. 1956లో పెద్ద కోర్టు ఆ పద్ధతి తప్పని తీర్పు ఇచ్చింది.

ఆమె ఆ రోజు కొట్లాడలేదు, అరవలేదు, సీట్లో కూర్చునింది అంతే. బస్సును నిజంగా అందరిదిగా చేసినవాళ్ళలో ఆమె ఒకతి.

7. నేను అడిగిన ప్రశ్న

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బస్ భవన్‌లో మాకు చూపించడానికి వచ్చిన పెద్దాయన, "ఇంకేమైనా అడగండమ్మా" అన్నారు. నాకు భయమేసింది. అయినా చెయ్యెత్తినాను. "సార్, బస్సు, రైలు రాకముందు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సరుకులు ఎవరు మోసేవాళ్ళు?"

ఆయన "ఎడ్ల మీద, బండ్ల మీద మోసేవాళ్ళు" అన్నారు. అప్పుడు మా సోషల్ సార్ నా తల మీద చెయ్యి పెట్టి, "ఎడ్ల మీద మోసిందెవరో ఈ పిల్లకు చెప్పాలండీ. ఆ మోసినవాళ్ళ మనవరాలే ఈమె" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. నేను సుగాలి పిల్లను. మమ్మల్ని లంబాడీలని, బంజారాలని కూడా అంటారు. మేమంటే కట్టెలు కొట్టేవాళ్ళు, వలస పోయేవాళ్ళు అనే ఇంతకాలం విన్నాను. సార్ ఏమి చెప్పినారో వినండి.

రైలు రాకముందు దేశంలో ఉప్పు, ధాన్యం ఊరూరికీ చేర్చింది ఎక్కువగా బంజారాలు. వందల, వేల ఎద్దుల మీద గోనెలు వేసి, సముద్రం దగ్గర నుంచి ఉప్పు తెచ్చి, లోపలి ఊర్లలో అమ్మి, అక్కడి ధాన్యం వేరే ఊర్లకు తీసుకుపోయేవాళ్ళు. ఆ వ్యాపారాన్ని మా భాషలో లదేణి అంటారు. ఎద్దులతో, పిల్లాజెల్లాతో కలిసి నడిచే ఆ గుంపు పేరే తాండా. దానికి పెద్ద నాయక్. ఇప్పుడు మేము ఉండే ఊరిని తాండా అంటున్నాము. కానీ తాండా అంటే అప్పట్లో నడిచే ఊరు!

17వ శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి మన దేశం తిరిగినాడు. గోల్కొండకు కూడా వచ్చినాడు. పది పన్నెండు వేల ఎద్దులు ఒకే గుంపుగా బియ్యం, ధాన్యం, ఉప్పు మోసుకుని పోవడం ఆయన రాసినాడు. ఇరుకు దారిలో ఆ గుంపు ఎదురైతే, అది దాటిపోయే దాకా మిగతావాళ్ళు రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదంట. దీన్ని కూడా లెక్క వేద్దాము. ఒక ఎద్దు ఒక క్వింటా మోస్తుందనుకోండి. పదివేల ఎద్దులు పదివేల క్వింటాళ్ళు, అంటే వెయ్యి టన్నులు. పది టన్నుల లారీలైతే వంద కావాల. వంద లారీల సరుకు, డీజిలు లేకుండా, దారి పక్క గడ్డి మేసుకుంటా నడిచిపోయేది! అందుకే ఖర్చు తక్కువ. మొగలుల సైన్యాలకు, నిజాము సైన్యానికి గింజలు చేర్చింది మావాళ్ళే. 1791–92లో టిప్పు సుల్తాను మీదికి పోయిన ఇంగ్లీషు సైన్యం కూడా బంజారాల ధాన్యం తిన్నది.

మా వాళ్ళు ఒక్కరే కాదు. మన హాస్టల్లో ఎరుకల అక్కలు, చెల్లెళ్ళు ఉన్నారు కదా. వాళ్ళ పెద్దలు కూడా ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తా నుంచి లోపలికి తెచ్చి అమ్మినవాళ్ళే. ఇది విన్నప్పుడు నా పక్కన కూర్చున్న ఎరుకల నేస్తం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

8. 1871

ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. 1871లో బొంబాయి నుంచి వచ్చే రైలు దారి, మద్రాసు నుంచి వచ్చే రైలు దారి రాయచూరు దగ్గర కలిసినాయి. మద్రాసు దారి మన గుత్తి, గుంతకల్లు మీదుగానే పోతుంది. ఎద్దులు నెలల తరబడి మోసే ఉప్పును రైలు రోజుల్లో చేర్చింది. తర్వాత 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. ఎద్దులు మేసే అడవులకు కంచెలు పడినాయి. గడ్డి లేక, సరుకు లేక లదేణి ఆగిపోయింది.

అదే 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం ఇంకో చట్టం తెచ్చింది. నేరస్థ తెగల చట్టం. ఊరూరు తిరిగి బతికే జాతులను పుట్టుకతోనే దొంగలని రాసుకునే చట్టం అది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా పెట్టినారు. ఎరుకల వాళ్ళను, కొన్ని ప్రాంతాల్లో లంబాడీలను ఆ పుస్తకాల్లోకి ఎక్కించినారు. నిన్నటి దాకా తిండి గింజలు మోసుకొచ్చినవాళ్ళు ఇప్పుడు కదలాలంటే పోలీసుకు చెప్పాల. స్వతంత్రం వచ్చినాక 1952లో ఆ చట్టం తీసేసినారు.

ఒకే సంవత్సరంలో ఒక చేత్తో పని పోయింది, ఇంకో చేత్తో పేరు పోయింది. రైలు తప్పని నేను అనడం లేదు. రైలు వల్ల జనానికి మేలు జరిగింది. దాని కోసం బతుకు పోగొట్టుకున్నవాళ్ళను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, అదే నా బాధ.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా దాదాను అడిగినాను. దాదా అంటే మా భాషలో తాత. "మన పెద్దోళ్ళు ఎద్దుల మీద ఉప్పు మోసినారా?" అంటే, ఆయన చానాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా తాత చెప్పేవాడు. ముందు నడిచే ఎద్దుకు గవ్వలు, గంటలు కట్టేవాళ్ళంట. గంట వినిపిస్తే ఉప్పు వచ్చిందని ఊర్లో ఆడోళ్ళు బయటికి వచ్చేవాళ్ళంట" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు దాదా?" అన్నాను. "ఎవరూ అడగల్యా" అన్నాడు.

బస్సు హారను వినిపిస్తే మనం బయటికి ఉరుకుతాము కదా. అట్లా మా ఎద్దు గంటకు ఒకప్పుడు ఊర్లు ఉరికినాయి.

9. ఇప్పుడు

ఇప్పుడు మనకు బస్సు ఎంత దగ్గర? ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. మాయమ్మ నెలకొకసారి నన్ను చూడడానికి వస్తోంది. ముందు మూడు నెలలకొకసారి వచ్చేది. ఇది పెద్ద మేలు.

కానీ మా అక్క సంగతి చెప్పాల. మా తాండా దారి సన్నం. పెద్ద బండి తిరిగే జాగా లేదు. బస్సు పట్టుకోవాలంటే మూడు కిలోమీటర్లు నడవాల. మా అక్క హైస్కూలుకు పోయి వచ్చేసరికి చీకటి పడేది. అమ్మ రోడ్డు దాకా ఎదురుపోయేది. వానలు లేని ఏడు నాయనతో పాటు అమ్మ కూడా వలస పోయింది. ఎదురుపోయే మనిషి లేరు. అక్క ఎనిమిదితో బడి మానేసింది. అక్క నాకన్నా బాగా చదివేది. ఇప్పుడు బస్సు ఉచితం అయింది. అయినా అక్క పోయే బడి లేదు. కాబట్టి నేను అనేది ఇది: టికెట్టు లేకపోతే బస్సు సగం మనదవుతుంది. దారి ఉంటే, బోర్డు చదవడం వస్తే మిగతా సగం మనదవుతుంది.

సంతోషమైన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఉమ్మడి నల్గొండ జిల్లాలో సీత్యా తండా ఉంది. అక్కడి లంబాడీ ఇంట్లో పుట్టిన వి. సరిత గారు 2015లో ఢిల్లీ నగర బస్సులకు మొదటి మహిళా డ్రైవరు అయినారు. 2025లో తెలంగాణకు తిరిగి వచ్చి ఆర్టీసీ బస్సు నడిపినారు. ఎద్దుల ముందు నడిచిన జాతి ఆడబిడ్డ దేశ రాజధానిలో స్టీరింగు పట్టుకుంది! ఇది చెప్తే మా దాదా మీసం దువ్వుకున్నాడు.

10. మనం చేయవలసినవి

బస్ భవన్‌లో పాత బస్సు ఉంది. మా ఎద్దు గంట ఎక్కడ ఉంది? ఎవరో వచ్చి మన కోసం మ్యూజియం కట్టే దాకా ఆగొద్దు. మన గోడపత్రికే మన మ్యూజియం. ఈ దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకు రండి. వచ్చే నెల గోడపత్రికలో అంటిద్దామని వార్డెన్ మేడం ఒప్పుకున్నారు.

ఒకటి: మీ తాత, అవ్వల పెద్దలు ఏమి మోసేవాళ్ళు? దేని మీద? ఎక్కడి నుంచి ఎక్కడికి?
రెండు: మీ ఊరికి మొదటి బస్సు ఎప్పుడు వచ్చింది? మొదట ఎక్కినవాళ్ళు ఎవరు?
మూడు: ఇంట్లో పాత గోనె, గంట, గవ్వల పట్టీ, తక్కెడ ఏమైనా ఉన్నాయా? ఉంటే బొమ్మ గీసి తెండి. వస్తువును అమ్మనియ్యొద్దు.
నాలుగు: మీ ఇంట్లో బస్సు బోర్డు చదవలేనివాళ్ళు ఎంత మంది?

నాలుగో ప్రశ్నకు జవాబు రాసి ఊరుకోవద్దు. పోయిన సెలవుల్లో నేను మాయమ్మకు మూడు ఊర్ల పేర్లు నేర్పించినాను. ఆసుపత్రి ఉన్న ఊరు, మన హాస్టల్ ఉన్న ఊరు, మా రోడ్డు స్టేజి. బొగ్గుతో గోడ మీద రాసి, రోజూ పొద్దున చూపించి అడిగినాను. పోయిన ఆదివారం అమ్మ నన్ను చూడడానికి వచ్చింది. "ఎవరిని అడిగి ఎక్కినావు మా?" అన్నాను.

"ఎవరినీ అడగలేదు. నేనే చూసుకుని ఎక్కినా" అనింది.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని